ఎడమవైపు ఖాళీ

సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు. ఆకాశం పడమటి సగం సీసం రంగులోకి దిగింది, తూర్పు సగం ఇంకా తెల్లగానే ఉంది; గాలి పూర్తిగా స్తంభించింది; చినుకు ఒక్కటీ రాలలేదు గాని కిటికీ అద్దానికి చెమ్మ పట్టింది. ముందుగదిలో, గాజు కూజాలోని అడవిపువ్వులకూ వాటి బొమ్మ గీస్తున్న కాన్వాసుకూ మధ్య నిలబడి, కోడలు కడిగిన కుంచెనే మళ్లీ కడుగుతోంది. అత్తగారు భోజనం కాగానే పువ్వు కోసుకొస్తానని వెళ్లింది. మామూలుగా అయితే ఈపాటికి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడిచి, "కాళ్లు పీకేస్తున్నాయి, నీ బొమ్మ పాడుగాను" అని నవ్వుతూ తిట్టి, టీ నీళ్లు పడేసి ఉండాలి. రాలేదు. వెళ్లమని తాను అనలేదు. ఈ మాటను కోడలు ఇందాకటి నుంచి మనసులో అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది, అనుమానం వచ్చిన నాణేన్ని వెలుతురుకి పట్టి చూసినట్టు. అన్నది ఇంతే: ఎడమవైపు ఏదో ఖాళీగా ఉంది అత్తయ్యా. ఒకటి తక్కువైందని చెప్పడం వేరు, తెచ్చిపెట్టమనడం వేరు. కానీ వినేది ఎవరో తెలిసి అన్న మాటకు ఆ తేడా నిలుస్తుందా? ఆ మాటకు అత్తగారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, కాన్వాసుకి ముక్కు ఆనించినంత దగ్గరగా నిలబడింది.

"ఎక్కడ ఖాళీ?"

"ఇక్కడ. కూజా మూతికి ఎడమగా. పొడుగ్గా ఏదైనా పడితే బాగుండేది."

"పొడుగ్గా అంటే ట్రంకాలే, ఆ ఊదాపువ్వు."

"అది క్వారీ దగ్గర గాని దొరకదు కదా. వద్దులెండి, వాన వచ్చేట్టుంది."

"వస్తే రానీ, నేనేమన్నా ఉప్పుబొమ్మనా కరిగిపోవడానికి? నువ్వు రంగు కలుపు రంగులమ్మా. ఇలా వెళ్లి అలా వస్తా."

వద్దులెండి అన్నది నిజమే. ఏ గొంతుతో అన్నది? వద్దు అనే మాటను, ఎదుటివాళ్లు కాదనాలని కోరుకుంటూ అనే పద్ధతి ఒకటుంది. చుట్టాలింట్లో రెండోసారి వడ్డిస్తుంటే అనే వద్దు అది. ఆ గొంతుతోనే అన్నది. అత్తగారు చేతిసంచి తీసుకుంది, గొడుగు తీసుకోలేదు. గొడుగు ఇప్పుడు తలుపు వెనుక మేకుకి వేలాడుతోంది. కోడలు దాన్ని చూసి, చూపు తిప్పుకుని, పువ్వుల వైపు చూసింది. పువ్వులను చూస్తే భయం తగ్గుతుందనుకుంది. తగ్గలేదు, ఎందుకంటే ఆ కూజాలో అత్తగారు కోయని పువ్వు ఒక్కటీ లేదు.

విత్తనాల పొట్లాలు అచ్చువేసే ప్రెస్సుకి కోడలు పెళ్లికి ముందు నుంచీ బొమ్మలు గీస్తోంది. క్యారెట్టు, క్యాబేజీ, గుమ్మడి. ఏ పురుగూ ముట్టని, ఏ ఎండా తగలని కూరగాయలు. పొట్లం మీద గీసినవాళ్ల పేరు వేయరు. ఈ చిత్రం కింద మాత్రం తన పేరు రాసుకోవాలని వేసవిలో అనుకుంది. తోటపువ్వులు వద్దు, ఎవరూ నాటనివి, ఎవరూ నీళ్లు పోయనివి కావాలి అని అంటే అత్తగారికి ఎక్కడలేని హుషారు వచ్చింది. ఉద్యోగం మానేసిన తరువాత ఆవిడకి రోజూ నడవడానికి దారి ఉంది గాని పని లేదు, పని దొరికింది. టెలిఫోను ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్లు ఆపరేటరుగా చేసిన మనిషి, తెచ్చిన ప్రతి పువ్వుకీ ఆఫీసు పేరు పెట్టింది. పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముఖం ముడుచుకునే నీలిపువ్వు గుమాస్తా. కాడ వంగినా తల పైకెత్తే ఉంచే పసుపుపువ్వు సూపర్‌వైజరు. గుంపుగా తప్ప బతకలేని చిన్న తెల్లపువ్వులు యూనియను. ఎక్కడో దూరాన, అరుదుగా, నిటారుగా సాగిపోయే ఊదాపువ్వు ట్రంకాల్. కూజా కూడా ఎక్స్ఛేంజిదే, వీడ్కోలు సభలో చేతిలో పెట్టినది. ఇన్నాళ్లూ బీరువా మీద బోర్లించి ఉండేది. అడవిపువ్వులు నీళ్లలో ఎక్కువసేపు ఆగవు గనుక, ముందు వాడిపోయేదాన్ని ముందు గీయాలి. పొద్దున్నే గుమాస్తా, తరువాత యూనియను, చివరికి సూపర్‌వైజరు, అన్నిటికన్నా ఆఖరున కూజా. గాజు ఎక్కడికీ పోదు. ఎవరు ముందు పోతారో తెలిసి ఆ వరసలో చూడటం తన పని అని కోడలు ఎప్పుడో ఒకసారి గర్వంగా అనుకుంది, ఆ వాక్యం ఇప్పుడు దానంతట అదే తిరిగొచ్చి ఎదురుగా నిలబడింది. మొదటి ఉరుము అప్పుడే వినిపించింది, చాలా దూరం నుంచి, ఎవరో మేడ మీద బరువైన బల్ల జరిపినట్టు.

అత్తగారు ఆలస్యం చేయడం కొత్త కాదు. మాటల్లో పడితే కాలం తెలియని మనిషి. భయం ఆలస్యానికి కాదు. భయం ఎక్కడ మొదలైందో కోడలికి కచ్చితంగా తెలుసు, కానీ ఆ చోటికి ఆలోచనను పోనివ్వకుండా ఇంతసేపూ గొడుగు దగ్గర, ఉరుము దగ్గర నిలబెట్టింది. ఇక ఆగలేదు. వేసవి చివర ఒక పొద్దున అత్తగారు సూపర్‌వైజర్లను తెచ్చి బల్ల మీద పెట్టింది. కాసేపటికి మళ్లీ చెప్పులు వేసుకుని వెళ్లి, మళ్లీ సూపర్‌వైజర్లనే తెచ్చి, బల్ల మీద ఉన్నవాటిని చూసి, "ఇవెవరు తెచ్చారు?" అంది. హాస్యమనుకుని కోడలు నవ్వింది. అత్తగారు కూడా నవ్వింది, ఒక్క క్షణం ఆలస్యంగా. ఆ ఒక్క క్షణమే మొదలు. తరువాత ఒక సాయంత్రం కోడలు దుకాణం నుంచి వస్తూ చూసింది: సందు మలుపు దగ్గర, ఆకుపచ్చ గేటున్న పరాయి ఇంటి ముందు అత్తగారు నిలబడి గడియ తీయాలని తంటాలు పడుతోంది. దగ్గరికి వెళ్లేసరికి తిరిగి చూసి, "తుప్పు పట్టింది, మా వాడితో నూనె వేయించాలి" అంది. వాళ్ల గేటుది నలుపు. ఊళ్లో సగంమంది నంబర్లు నోటికి వచ్చిన మనిషిని, ఏదో మాటల మధ్యలో మన ఇంటి నంబరెంత అత్తయ్యా అని అడిగితే, టకటకా చెప్పేసింది. అది ఈ ఇంటిది కాదు. ఆవిడ పెళ్లి కాకముందు పుట్టింటిది.

ఆ రాత్రి వంటింట్లో గిన్నెలు సర్దుతూ, వెనక్కి తిరగకుండానే అత్తగారు అంది: "నువ్వు చూస్తున్నావని నాకు తెలుసు. మా వాడికి చెప్పకు."

"డాక్టరుకి చూపించుకుంటే మంచిది కదా అత్తయ్యా."

"చూపించుకుంటా. ఈ బొమ్మ అయిపోనీ. వాడికి చెబితే ముందు గేటుకి తాళం వేస్తాడు, తరువాత ఆలోచిస్తాడు. వాడి ఉద్యోగమే అది."

అందులో అతిశయోక్తి లేదు. భర్త లిఫ్టుల తనిఖీ ఇన్‌స్పెక్టరు. తీగ ఒక్క పోగు తెగితే లిఫ్టు ఆపేసి తలుపుకి సీలు వేసే అధికారం అతనిది. పడిపోయినవాళ్లను చూసిన కళ్లు. ఇంట్లో కుర్చీ ఎక్కి బూజు దులిపినా ఊరుకోడు. అలాంటి మనిషికి మీ అమ్మ ఇల్లు మరిచిపోతోందండీ అని చెప్పడమంటే, ఆవిడ నడకకు సీలు వేయించడమే. అందుకే నోరు కట్టేసుకుంది. ఆవిడ మీది ప్రేమతోనే కట్టేసుకున్నానని ఇన్నాళ్లూ నమ్మింది. ఇప్పుడు కిటికీ అద్దం మీద మొదటి చినుకు పెద్దగా, అడ్డంగా పడి జారుతుంటే, ఇంకో సంగతి కూడా ఆ చినుకులాగే అడ్డంగా వచ్చి పడింది: గేటుకి తాళం పడితే పువ్వులు రావు. పువ్వులు రాకపోతే బొమ్మ లేదు. ప్రేమ ఎంత, బొమ్మ ఎంత? కలిపిన రంగులోంచి నీలాన్నీ ఎరుపునూ మళ్లీ విడదీయలేనట్టే, దాన్నీ విడదీయలేకపోయింది.

చినుకులు కలిసి వాన అయింది. కోడలు ఫోను తీసి అత్తగారి నంబరు నొక్కింది. వంటింట్లో, బియ్యం డబ్బా పక్కన, అత్తగారి ఫోను మోగింది. మోగుతూనే ఉంది. ఆ మోత ఆపడానికి తానే ఫోను పెట్టేయాలని తెలిసి కూడా కాసేపు పెట్టేయలేకపోయింది; ఎవరైనా ఎత్తుతారేమోనన్నట్టు వింటూ నిలబడింది. ముప్పై ఏళ్లు ఊరి ఫోన్లన్నీ మోసిన మనిషికి తన ఫోను మోయడం బద్ధకం. "ఇంకా ఎంతకాలం హలో హలో అనమంటావు నన్ను?" అంటుంది. ఇప్పుడు ఎక్కడుంది? క్వారీలో రాయి తీయడం ఆపేసి చాలా కాలమైంది. గుంట నిండా పచ్చటి నీళ్లు, లోతు ఎవరికీ తెలియదు. ట్రంకాల్ పూసేది ఆ గుంట అంచున, వదులు మట్టి మీద, చెయ్యి చాపితే అందీ అందనట్టు. అరిగిన చెప్పులు. తడిసిన మట్టి. అంతవరకే ఊహించి ఆపాలనుకుంది. కానీ జీవితమంతా బొమ్మలు గీసిన మనిషికి ఊహ సగంలో ఆగదు. నీళ్ల మీద తేలుతున్న చేతిసంచి, దాని నీలిచారలు, చారల మీద వాన చేసే గుండ్రాలు, అన్నీ వివరంగా కనిపించాయి. వెలుతురు ఎటునుంచి పడుతుందో కూడా కనిపించింది.

ఇంటికి తాళం వేసి వెతకడానికి వెళ్తే? అత్తగారు ఈలోగా వచ్చి, మూసి ఉన్న తలుపు చూసి, ఇది మనిల్లు కాదనుకుని వెనక్కి తిరిగితే? వెళ్లకపోతే? కాళ్లు గేటు దాకా తీసుకువెళ్లాయి. ఎదురింటి దర్జీ వానజల్లు కుట్టుమిషను మీద పడకుండా పట్టా దించుతున్నాడు.

"మా అత్తయ్యని చూశారా అన్నా? మధ్యాహ్నం క్వారీ వైపు వెళ్లారు."

"క్వారీ వైపా? లేదమ్మా. గేటు దాటి ఎడమకు తిరిగారు. పిలిచాను కూడా, పెద్దమ్మగారూ వాన వచ్చేట్టుందని. చెయ్యి ఊపి వెళ్లిపోయారు."

క్వారీ కుడివైపు. రోజూ వెళ్లే దారి కుడివైపు. "దేవుడా" అన్న మాట పెదాల దాకా వచ్చి ఆగింది. దర్జీ పట్టా ముడి వదిలేసి, "నన్ను వెళ్లి చూడమంటారా, సైకిలుంది" అన్నాడు. "చూడండన్నా, దయచేసి" అంది. అతను తల మీద సంచి కప్పుకుని ఎడమవైపు తొక్కుకుంటూ వెళ్లాడు. ఆ వైపు ఏముంది? రాళ్లు మోసిన పాత రైలుకట్ట, రైళ్లు నడవవు. దాని పొడుగునా తుప్పలు. ఇంకా పోతే పెద్దరోడ్డు, లారీలు. సొంత గేటు రంగయినా పోల్చుకోలేని మనిషి. ఎడమకు తిరిగిందంటే ఏ ఇంటికి వెళ్తున్నాననుకుంటోంది? పుట్టింటికా, ఎవరూ లేని ఆ ఇంటికా? వెనక్కి వచ్చేసరికి గుమ్మం నుంచి ముందుగది కనిపించింది, కాన్వాసు కనిపించింది, కూజా మూతికి ఎడమగా ఆ ఖాళీ కనిపించింది, అరచెయ్యంత చోటు. ఆ చోటు కోసమే ఇదంతా. అంతటి భయంలోనూ కన్ను దాని పని అది చేసింది. పొడుగ్గా, కొంచెం బయటికి వాలుతూ, ఊదారంగు. మంచి ఊదా గొట్టం నిన్ననే గోకి అవగొట్టింది, ఇక ఉన్నది ప్రెస్సువాళ్ల సీసాలోదే. అది ఎండకు నిలిచే రంగు కాదు. పొట్లం ఒక పంటకాలం నిలిస్తే చాలు గనుక వాళ్లు అదే వాడతారు. ఇంత ఆలోచన వచ్చాక, ఏం ఆలోచిస్తున్నానా అని కోడలు ఉలిక్కిపడింది. ముసలి మనిషి వానలో ఎక్కడ పడి ఉందో తెలియదు, నేను రంగు కలుపుతున్నాను. తన చేతిని తానే చూసుకుంది. అందులో ఇంకా కుంచె ఉంది.

కుంచె కింద పెట్టి భర్తకు ఫోను చేసింది. అతను ఎత్తేసరికి వెనుక ఏదో లిఫ్టు మోటారు హోరు.

"ఏంటి, ఈ టైంలో?"

"అత్తయ్య ఇంకా ఇంటికి రాలేదండీ. మధ్యాహ్నమనగా వెళ్లారు."

"వాన కదా, ఎక్కడో చూరు కింద నిలబడి ఉంటుంది. అమ్మకి తెలియని సందుందా ఈ ఊళ్లో? నువ్వు ఊరికే కంగారుపడకు."

అక్కడ ఆగవచ్చు. తలుపు తెరిచి పెట్టినట్టు అతనే దారి ఇచ్చాడు. అవునండీ, అంతే అయ్యుంటుంది అని పెట్టేస్తే మాట నిలబడుతుంది. ఆగిన ఒక్కొక్క క్షణం ఎవరి ఖాతాలోంచి పోతోందో తెలియదు. వాన ఇంకా పెద్దదయింది. కూజాలో యూనియను పూలు రెండు రాలి బల్ల మీద పడ్డాయి.

"తెలియదండీ," అంది. "ఇప్పుడు ఆవిడకి తెలియదు."

తరువాత ఆగలేదు. ఆకుపచ్చ గేటు, రెండుసార్లు తెచ్చిన పువ్వులు, పుట్టింటి నంబరు, వంటింట్లో తీసుకున్న మాట, దర్జీ చూసిన ఎడమ మలుపు, అన్నీ వరసగా, కారణం తరువాత కార్యంగా చెప్పేసింది. అవతల మోటారు ఆగిపోయింది. ఎవరో ఆపినట్టున్నారు.

"ఎన్నాళ్లయింది?"

"వేసవి నుంచి."

"వేసవి నుంచి," అన్నాడు అతను, ఆ మాటను తూకం వేస్తున్నట్టు.

అప్పుడు వెనుక నీటిచుక్కలు గచ్చు మీద పడుతున్న చప్పుడు వినిపించింది. వానహోరులో గేటు చప్పుడు గాని, మెట్ల మీద అడుగు గాని వినిపించలేదు. కోడలు తిరిగి చూసింది. గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. చెప్పులు రెండూ చేతిలో ఉన్నాయి. తడిసిన జుట్టు నుదుటికి అంటుకుంది. గుండెలకు హత్తుకున్న చేతిసంచిలోంచి, తడికాగితంలో జాగ్రత్తగా చుట్టిన ఊదాపువ్వులు నిటారుగా పైకి కనిపిస్తున్నాయి. ప్రాణం లేచొచ్చింది కోడలికి. మరుక్షణం, అత్తగారి కళ్లు చూడగానే, వచ్చిన ప్రాణం వచ్చినట్టే వెనక్కి పోయింది. ఎప్పటినుంచి నిలబడి ఉందో ఆ కళ్లే చెబుతున్నాయి.

"చెప్పేశావా," అంది అత్తగారు. అడిగినట్టు లేదు. చెయ్యి చాపింది. "వాడేగా? ఇటివ్వు."

ఫోను చెవికి పెట్టుకుని, ఒకప్పటి ఉద్యోగం గొంతుతో, ఏ తొట్రుపాటూ లేకుండా మాట్లాడింది. "ఆఁ, నేనే. వచ్చేశాను. లేదు, పడలేదు. తడిశానంతే... ఊఁ... ఊఁ. అలాగే నాయనా. నీ ఇష్టం." ఫోను కోడలి చేతిలో పెట్టి, తువ్వాలు కోసం చుట్టూ చూసింది. తువ్వాలు ఎక్కడ ఉంటుందో ఒక నిమిషం గుర్తు రాలేదు. గుర్తు రాలేదని ఇద్దరికీ తెలిసింది. కోడలు తెచ్చి తల తుడుస్తుంటే పిల్లలా తల వంచింది.

"ఎడమవైపు ఎందుకు వెళ్లారు అత్తయ్యా? నా పై ప్రాణాలు పైనే పోయాయి."

"మన సందులో అన్నీ మలుపులే. ఏ మలుపు తిరిగానో తిరిగొచ్చేటప్పుడు తెలియడంలేదు. రైలుకట్ట పక్కన మలుపు లేదు. పట్టుకుని పోతే క్వారీ వెనుక తేలుతుంది, అలాగే పట్టుకుని వెనక్కొస్తే మన వీధి. చుట్టే, కాళ్లు పీకుతాయి, కానీ తప్పిపోవడానికి వీల్లేదు. నెల రోజులుగా అటే తిరుగుతున్నా. వాన పెరిగితే కట్ట పక్కన పాత గేట్‌మన్ గదిలో కూర్చున్నా." కాస్త ఆగి, "ఆ దర్జీ ఎదురుపడి సైకిలెక్కించుకుంటానంటాడు, నవ్వొచ్చింది," అంది. నవ్వలేదు.

"నాకు ముందే చెప్పొచ్చు కదా."

"చెబితే భయపడతావని."

కోడలు తువ్వాలు అక్కడే పట్టుకుని నిలబడిపోయింది. ముఖం చెల్లలేదు. ఇంకో ఐదు నిమిషాలు ఓపిక పట్టి ఉంటే, అనుకుంది. ఓపిక పట్టిన ఆ ఐదు నిమిషాల్లోనే నిజంగా కాలు జారి ఉంటే, అని కూడా అనుకుంది. ఈ రెండింటికీ మధ్య నిలబడటానికి చోటు కోసం మనసు వెతికింది. చోటు దొరకలేదు. అత్తగారు వెళ్లి పువ్వుల కాగితం తానే విప్పి, కాడల చివర్లు తుంచి, వాటిని కూజాలో ఎడమవైపు నిలబెట్టింది. కొంచెం బయటికి వాల్చింది. ఒకడుగు వెనక్కి వేసి చూసి, మళ్లీ సరిచేసింది.

"గీయి రంగులమ్మా. ట్రంకాల్ ఎంతోసేపు నిలబడదు. ఆరు గంటలకి వాడొస్తాడు."

వాన వెలుతురులో, ప్రెస్సు సీసాలోని ఊదారంగుతో కోడలు ఆ పువ్వును గీసింది. అత్తగారు తడిబట్టలతోనే కుర్చీలో కూర్చుని చూసింది.

ఆ వారంలోనే గేటుకి తాళం పడింది. అత్తగారు తరువాత ఎనిమిదేళ్లు బతికింది, ఒంటరిగా వీధిలోకి మళ్లీ వెళ్లలేదు. చిత్రాన్ని కిటికీకి ఎదురుగోడకు తగిలించారు. ఐదో ఏటికి ట్రంకాల్ పూర్తిగా వెలిసిపోయి, దాని చోట కాన్వాసు మాత్రమే మిగిలింది; గుమాస్తా, యూనియను, సూపర్‌వైజరు గీసిన నాటి రంగుల్లోనే ఉన్నాయి.